పాప చర్మం మానుతోంది కదా, ఇంకా కంటి డాక్టర్ ఎందుకు?

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక తల్లి అడిగారు: పాపకు 2వ నెల. పుట్టినప్పుడే కాళ్ళూ చేతుల మీద చారలు చారలుగా పొక్కులు, ఇన్‌కాంటినెన్షియా పిగ్మెంటి (జన్యులోపం వల్ల చర్మానికీ, కళ్ళకూ, పళ్ళకూ వచ్చే అరుదైన జబ్బు) అని తేలింది. ఇప్పుడు పొక్కులు మాడిపోతున్నాయి, పాప దీపం వైపు చూస్తోంది. కంటి పరీక్ష ఇంకా కావాలా?

కావాలండీ, ఈ వారమే. ఈ జబ్బులో పొక్కులు వాటంతటవే పోతాయి, గోధుమరంగు సుడులు మిగులుతాయి. కన్ను అలా కాదు. రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే, చూపునిచ్చే పొర) అంచుల్లో రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని చోట పనికిరాని కొత్త నాళాలు మొలిచి, కారి, మచ్చకట్టి రెటీనాను లాగి ఊడదీస్తాయి. ఈ ముప్పు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. రెండు కళ్ళూ సమానంగా దెబ్బతినవు కాబట్టి బాగున్న కంటితోనే పాప దీపాన్ని చూస్తుండవచ్చు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆర్‌ఓపీ (వాళ్ళకొచ్చే రెటీనా జబ్బు) పరీక్ష చేసే రెటీనా డాక్టర్ కావాలని ఫోన్‌లోనే చెప్పండి. టార్చి వేసి ‘నార్మల్’ అని రాసిస్తే అది లెక్కలోకి రాదు. గంట ముందే పాలు ఆపండి, లేకపోతే పరీక్షలో కక్కి పొలమారుతుంది. కంటిపాప పెద్దదవడానికి, పసిపిల్లలకని పలచన చేసిన చుక్కలు 10–15 నిమిషాలకోసారి 2–3 సార్లు వేస్తారు. చెంప మీదికి కారింది వెంటనే తుడవండి, చర్మంలోంచి ఒంట్లోకి ఇంకుతుంది. తర్వాత మత్తు చుక్క వేసి, రెప్పలకు క్లిప్ పెట్టి, కంటిగుడ్డును పక్కనుంచి నొక్కుతూ చూస్తారు. అది చూడలేక చాలామంది పాపను లాగేసుకుంటారు. దయచేసి లాగకండి, నొక్కితేనే అంచు కనపడుతుంది. నాళాలు అంచుదాకా ఉన్నాయా లేదా అన్నది ఏ కంటికా కంటికి ఫైల్లో రాయించుకోండి.

మొదటిసారి బాగుందన్నా మానొద్దు. 4 నెలల వరకు నెలకోసారి, ఏడాది నిండేదాకా 3 నెలలకోసారి, 3 ఏళ్ళ వరకు 6 నెలలకోసారి, ఆపైన ఏటా. రక్తం అందని భాగం కనపడితే అక్కడ లేజర్ చేస్తారు. రెటీనా ఊడిపోయాక ఆపరేషన్ చేసినా చూపు అంతంతమాత్రమే.

ఇంట్లో పెద్దవాళ్ళు అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి రోజులు గడిపేస్తారు, కంట్లో చనుబాలు పిండుతారు, కాటుక పెడతారు. ఇవేవీ రెటీనా దాకా పోవు. ఇన్ఫెక్షన్ మాత్రం తెస్తాయి.

ఇంకో మాట. ఇది తల్లినుంచీ రావచ్చు. మీకు కొన్ని పళ్ళు రాకపోయినా, మొనదేలి ఉన్నా, పిక్కల మీద తెల్లటి చారలున్నా డాక్టరుకు చెప్పి, అదే రోజు మీ కళ్ళూ చూపించుకోండి.