ఉప్పు నీరు పారే పొలంలో బయోచార్ వేస్తే నేల బాగుపడుతుందా?

బాగుపడుతుంది, కానీ బయోచార్ ఉప్పును మాయం చేయదు. ఈ తేడా తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

ఉప్పు నీటిలోని సోడియం బంకమట్టిని పట్టుకుని, అక్కడున్న కాల్షియాన్ని బయటికి నెట్టేస్తుంది. దాంతో మట్టి రేణువులు విడిపోయి నేల బిగుసుకుంటుంది, నీరు కిందికి ఇంకదు, లవణాలు వేళ్ల దగ్గరే పేరుకుపోతాయి. బయోచార్ అంటే పంట వ్యర్థాలను గాలి సరిగా అందకుండా 350 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి చేసిన బొగ్గు. దాని నిండా సన్నని రంధ్రాలే. మట్టిలో కలిపితే నేల గుల్లబారి నీరు ఇంకుతుంది, ఆ నీటితో పాటు లవణాలూ కిందికి దిగుతాయి. అంటే ఉప్పును కడిగేది నీరే. కాబట్టి మురుగు నీరు పోయే దారి లేని పొలంలో దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

కారు చౌడు నేలైతే, అంటే సోడియం ఎక్కువై క్షార గుణం పెరిగిన నేలైతే, ముందు జిప్సం వేయాలి, కాల్షియం అందాలి కదా.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది బయోచార్ రకం గురించే. చాలా రకాలకు క్షార గుణం ఉంటుంది, బూడిద ఎక్కువుంటే అదే కొత్త లవణాలు తెస్తుంది. పశువుల పేడతో చేసినదానికన్నా కట్టెతో, తక్కువ వేడిలో చేసినది నయం. కొనేముందు దాని పీహెచ్ (క్షార గుణం ఎంతో చెప్పేది), ఈసీ (లవణాలు ఎంతున్నాయో చెప్పేది) పరీక్ష చేయించండి. కంపోస్టుతో కలిపి పై 15 సెంటీమీటర్ల మట్టిలో వేయండి, లేకపోతే మొదట్లో నత్రజని కొరత రావచ్చు. ముందు చిన్న మడిలోనే వేసి చూడండి, ఒకసారి కలిపాక వెనక్కి తీయలేం.