మాస్టారిని అడగండి: సరిహద్దు ఒకటే, మెక్సికో మాత్రం ఊరికో రకం

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా పెద్దబ్బాయి అమెరికాలో శాన్ ఆంటోనియోలో, అమ్మాయి శాన్ డియేగోలో ఉంటారు. మా చెల్లెలి కూతురు న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీలో చదువుకుంటోంది. ముగ్గురూ మెక్సికో పక్కనే ఉన్నామంటారు గానీ, వీడియో కాల్‌లో ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన ఉండదు. అబ్బాయేమో "ఇక్కడ ఏ హోటల్‌కెళ్లినా జీలకర్ర వాసనేనమ్మా" అంటాడు. అమ్మాయికి చేపల టాకో, అదే రొట్టెలో చేప పెట్టి తినేది, తప్ప ఇంకో ఊసు లేదు. చెల్లెలి కూతురు చదివే ఊళ్లో అయితే కూర్చోగానే ఎర్ర కారమా, పచ్చ కారమా అని అడుగుతారట. అక్కడి పాత కుటుంబాలవాళ్లని మెక్సికోవాళ్లంటే నొచ్చుకుంటారట. వచ్చే వేసవిలో నేను వెళ్తున్నాను. అసలు మెక్సికో ప్రభావం ఎక్కడ ఎక్కువ? ఒకే దేశం పక్కన ఉండి ఇంత తేడా ఎందుకొచ్చింది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ పిల్లలు ముగ్గురూ చెప్పేది నిజమే. ఆ సరిహద్దు పొడవు దాదాపు 3,145 కిలోమీటర్లు. ఇటువైపు కాలిఫోర్నియా, ఆరిజోనా, న్యూ మెక్సికో, టెక్సాస్ వరసగా ఉంటాయి. అందులో సగానికి పైగా టెక్సాస్ ఒక్కదానిదే. అంత పొడవునా ఒకే వంట, ఒకే పాట ఎలా ఉంటాయి? మీ పర్లాకిమిడి తెలుగు, మా బరంపురం తెలుగు, అటు మహారాష్ట్ర అంచున సిరొంచ తెలుగు ఒక్కలా ఉన్నాయా?

నన్నడిగితే సరిహద్దుకి ఎంత దూరం అని కొలిచి లాభం లేదు. సరిహద్దు గీసేనాటికి అక్కడ ఎవరు కాపురం ఉంటున్నారు, తర్వాత ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారు అన్నది చూడాలి. టెక్సాస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయి 1845లో అమెరికాలో కలిసింది. ఆ వెంటనే యుద్ధం. 1848లో గ్వాడలూపె హిదాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో కూడా పోయాయి; టెక్సాస్‌తో కలిపి లెక్కేస్తే మెక్సికో భూభాగంలో సగానికి పైగా చేతులు మారింది. అందుకు మెక్సికోకి దక్కింది కోటిన్నర డాలర్లు. ఆరిజోనా దక్షిణ భాగాన్ని 1853 ఒప్పందంతో ఇంకో కోటి డాలర్లకు కొన్నారు. ఆ ఊళ్లలో వేలమంది ఇల్లు కదలకుండానే వేరే దేశం వాళ్లయిపోయారు.

ఇది మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న గంజాం, పర్లాకిమిడి మద్రాసు రాజధాని నుంచి కొత్త ఒరిస్సాలోకి వెళ్లాయి. మీ ఊళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, సవర భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడే రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతగారు వెళ్లలేదు. బరంపురంలో అదే వీధి, అదే అరుగు. ఈనాటికీ ఎవరైనా ఇక్కడి తెలుగు విని "ఓహో, ఆంధ్రా ప్రభావం" అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మా బుడి ఠాకురాణి జాతరలో అమ్మవారిని పుట్టింటికి పిలుచుకొచ్చే దేరా నేతగాళ్లు తెలుగు మూలాలవాళ్లే. వాళ్లు లేకుండా బరంపురం పట్టు లేదు, ఆ జాతరా లేదు. ఉన్నచోటే ఉన్నవాళ్ల బతుకుని బయటినుంచి వచ్చి పడినదానిగా లెక్కగడితే ఎలా? అందుకే అల్బుకర్కీ పాత కుటుంబాలవాళ్లు ఎందుకు నొచ్చుకుంటారో నాకు బాగా తెలుస్తుంది.

వాళ్ల సంగతే ముందు చెప్తాను. న్యూ మెక్సికోలోకి స్పెయిన్ వలసదారులు 1598లో వచ్చారు. శాంతా ఫే 1610 నాటి ఊరు. అప్పటికి మెక్సికో అనే దేశమే లేదు, అది స్వతంత్రమైంది 1821లో. ఆ తర్వాత పాతికేళ్లకే అమెరికా సైన్యం వచ్చింది. అంటే ఆ కుటుంబాలు రెండు వందల ఏళ్లకు పైగా స్పెయిన్ ఏలుబడిలో ఉండి, పాతికేళ్లు మాత్రమే మెక్సికో కింద ఉన్నాయి. చుట్టూ ప్యూబ్లో అనే స్థానిక తెగలు. వాళ్ల మొక్కజొన్న, వాళ్ల మట్టి ఇళ్ల పద్ధతి, వీళ్ల గోధుమ, గొర్రెలు కలిసిపోయి ఆ ప్రాంతపు వంటా ఇల్లూ తయారయ్యాయి. మెక్సికో నగరంలో పుట్టినవాళ్లు అక్కడికి వచ్చి తిన్నా కొత్తగానే ఉంటుంది.

ఇక ఆ కారం. అక్కడ కారం అంటే పైన చల్లే పొడి కాదు, గరిటెతో పోసే పులుసు. ఎండుమిరపతో చేస్తే ఎరుపు, కాల్చిన పచ్చిమిరపతో చేస్తే పచ్చ. రెండూ కావాలంటే "క్రిస్మస్" అంటే చాలు, సగం సగం పోస్తారు. "ఎరుపా, పచ్చా?" అన్నదాన్ని తమ రాష్ట్ర ప్రశ్నగా అక్కడి చట్టసభే గుర్తించింది. మీరు ఆగస్టు, సెప్టెంబర్ దాకా ఉంటే తప్పకుండా అల్బుకర్కీ వెళ్లండి. కూరగాయల దుకాణాల ముందు ఇనప జాలీ పీపాల్లో బస్తాలకొద్దీ పచ్చిమిరప పోసి, పక్కనుంచి గ్యాస్ మంట కొడుతూ గిర్రున తిప్పుతారు. తొక్క నల్లబడి చిటపటలాడుతూ ఊడిపోతుంది. ఆ ఘాటు వీధి చివరిదాకా వస్తుంది. జనం ఏడాదికి సరిపడా కాల్పించుకుని ఫ్రీజర్‌లో దాచుకుంటారు. పండు మిరపకాయల్ని దండలు గుచ్చి చూరుకి వేలాడదీస్తారు. ఆ మిరపని ఓ దారికి తెచ్చినవాడు మెక్సికోలోని చివావా రాష్ట్రంలో పుట్టిన ఫాబియన్ గార్సియా. చిన్నప్పుడే న్యూ మెక్సికో వచ్చి, లాస్ క్రూసెస్ వ్యవసాయ కళాశాలలో పనిచేశాడు. ఒక్కో కాయ ఒక్కో సైజు, ఒక్కో కారంగా ఉండే నాటు రకాలను ఏళ్ల తరబడి సంకరం చేసి 1921లో 'న్యూ మెక్సికో నంబర్ 9' అనే రకాన్ని విడుదల చేశాడు. మెక్సికో వద్దనుకునే ఇంట్లో కూడా రోజూ పోసుకునే కారం వెనక మెక్సికో బిడ్డ చెయ్యి ఉంది. ఆయన పేరు మీ చెల్లెలి కూతురికి తప్పకుండా చెప్పండి.

మీ అబ్బాయి ఉన్న శాన్ ఆంటోనియో 1718 నాటిది. 1731లో కానరీ దీవుల నుంచి కొన్ని కుటుంబాలు అక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఆ ఊరి వంటలో అంత జీలకర్ర వాళ్లు తెచ్చిన అలవాటేనని చాలామంది చెప్తారు. ఎవరు తెచ్చినా టెక్స్-మెక్స్ వంటకి, అంటే టెక్సాస్‌లోని మెక్సికన్ల వంటకి, గుర్తు ఆ వాసనే. దానికి తోడు గొడ్డుమాంసం, పసుపుపచ్చ చీజు, మైదా రొట్టె. పశువుల మందల దేశం కాబట్టి ఆ మాంసం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఊరి చౌకుల్లో సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి మిరపకాయల మాంసం కూర అమ్మేవాళ్లు. వాళ్లని 'చిలీ రాణులు' అనేవారు. తర్వాత ఆరోగ్య నిబంధనల పేరుతో వాళ్లని లేపేశారు. వాళ్ల కూర మాత్రం దేశమంతా వెళ్లింది.

పాట సంగతి ఇంకా బాగుంటుంది. టెక్సాస్‌కి జర్మన్లు, చెక్‌లు వలసొచ్చి అకార్డియన్ అనే గాలిపెట్టె వాయిద్యాన్ని, పోల్కా అనే నాట్య సంగీతాన్ని తెచ్చారు. సరిహద్దు పల్లెల్లోని మెక్సికన్లు ఆ పెట్టెని అందుకుని, పన్నెండు తీగల బాహో సెక్స్‌తో అనే తమ వాయిద్యాన్ని దానికి జత చేసి కొన్‌హుంతో అనే సంగీతం చేశారు. అబ్బాయిని ఒక శనివారం సాయంత్రం తీసుకెళ్లమనండి, కూర్చుని వినండి.

"ఎక్కడ ఎక్కువ?" అన్నారు కదా. రోజువారీ బతుకు చూసి చెప్పమంటే టెక్సాస్‌లోని లారెడో అంటాను. అక్కడ నూటికి తొంభై మందికి పైగా హిస్పానిక్‌లే, అంటే స్పానిష్ భాషా మూలాలవాళ్లే, అందులో ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్లు. 1848లో రియో గ్రాండె నది సరిహద్దు అయ్యాక కొన్ని కుటుంబాలు అమెరికాలో ఉండలేమని ఏరు దాటి న్యూవో లారెడో కట్టుకున్నాయి. పెద్దల అస్థికలు కూడా తవ్వి తీసుకెళ్లారని అక్కడ చెప్పుకుంటారు. మిగిలినవాళ్లు ఇవతలే ఉండిపోయారు. ఆ ఊళ్లోనే 1898 నుంచి ఏటా ఫిబ్రవరిలో జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు పండగ చేస్తారు. వంతెన మధ్యలో రెండు దేశాల పిల్లలు ఎదురెదురుగా నడిచొచ్చి కౌగిలించుకుంటారు. మెక్సికో మూలాల ఊరు అమెరికా మొదటి అధ్యక్షుడి పండగని తన పద్ధతిలో చేసుకుంటోంది. ఇందులో ఏది ఎవరి ప్రభావమో విడదీయడం నాకు చేతకాదు, విడదీయాలని కూడా లేదు.

ఆరిజోనాలో మీవాళ్లెవరూ లేరు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అక్కడి టూసాన్‌కి అవతల ఉన్నది సొనోరా రాష్ట్రం, గోధుమ పండే ఎడారి. పదిహేడో శతాబ్దం చివర కీనో అనే జెసూట్ మతగురువు ఆ ప్రాంతానికి గోధుమ, పశువులు తెచ్చాడు. అందుకే అక్కడి టోర్టియా అనే రొట్టె మొక్కజొన్నది కాదు. రుమాలీ రొట్టెలా పెద్దగా, వెలుతురు కనిపించేంత పల్చగా ఉండే గోధుమ రొట్టె. ఆరిజోనాలోనే 2010లో టూసాన్ బడుల్లోని మెక్సికన్-అమెరికన్ చరిత్ర పాఠాలను అడ్డుకునే చట్టం తెచ్చారు. 2017లో కోర్టు అందులో జాతి వివక్ష ఉందని తేల్చింది. రొట్టె మాది అనుకున్నంత తేలిగ్గా చరిత్ర మాది అనుకోలేకపోయారు. ఇది నన్ను చాలా బాధపెట్టిన సంగతి.

మీ అమ్మాయి ఉన్న శాన్ డియేగోకి అవతల బాహా కాలిఫోర్నియా, రెండు వైపులా సముద్రం. చేపని పిండిలో ముంచి వేయించి, క్యాబేజీ, తెల్లటి సాస్ వేసి టోర్టియాలో పెట్టే పద్ధతి ఎన్సెనాడా రేవు నుంచి వచ్చింది. శాన్ డియేగోలో మీరు చూడాల్సింది చికానో పార్క్. చికానో అంటే మెక్సికన్-అమెరికన్. వంతెన కింది ఖాళీ స్థలంలో పార్కు కడతామని చెప్పి పోలీసు స్టేషన్ మొదలుపెడితే, 1970 ఏప్రిల్ 22న బారియో లోగాన్ పేట జనం వచ్చి బుల్‌డోజర్లకు అడ్డం నిలబడ్డారు. ఇప్పుడు ఆ వంతెన స్తంభాల నిండా వాళ్ల చరిత్ర బొమ్మలే. అది జాతీయ చారిత్రక స్థలం కూడా. అక్కణ్ణుంచి రెండు వందల కిలోమీటర్లు పైకి వెళ్తే లాస్ ఏంజెలెస్. సరిహద్దు ఊరు కాకపోయినా అక్కడ మెక్సికో ఇంకా ఎక్కువ, ఇంకా రకరకాలుగా కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడికి పక్క రాష్ట్రం నుంచే కాదు, దూరపు హాలిస్కో, సకతేకాస్, ఒహాకాల నుంచి కూడా జనం పనికోసం వచ్చారు. 1942 నుంచి 1964 దాకా అమెరికా ప్రభుత్వమే పొలం పనులకి మెక్సికో కూలీలను పిలిపించుకుంది.

ఒక జాగ్రత్త. మీకు మాంసం తినని రోజులుంటే, హోటళ్లలో నలిపి వేయించిన చిక్కుడుగింజల కూరలోనూ గోధుమ టోర్టియాలోనూ పందికొవ్వు వాడటం పాత పద్ధతి. "మాంతెకా ఉందా" అని ముందే అడగండి.

ప్రశ్న: మాస్టారూ, మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే రాదు. ఆ సరిహద్దు ఊళ్లలో స్పానిష్ పిల్లల సంగతీ ఇంతేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఊరిని బట్టి ఉంటుంది బాబూ. టెక్సాస్ 1918లో బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాషలో పాఠం చెప్పడం నేరం చేసింది. బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడిన పిల్లల్ని కొట్టిన రోజులున్నాయి. ఆ దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది పెద్దయ్యాక, తమ పిల్లలకి ఆ కష్టం వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. అందుకే నానమ్మతో మాట్లాడలేని మనవలు శాన్ ఆంటోనియోలో ఎందరో. లారెడో, ఎల్ పాసోలలో మాత్రం వంతెన దాటి రాకపోకలు రోజూ ఉంటాయి కనక భాష నిలబడింది. న్యూ మెక్సికో రాజ్యాంగం, 1912లో రాష్ట్రమైనప్పుడే, స్పానిష్ మాట్లాడే పిల్లలకి పాఠం చెప్పగల టీచర్లకు శిక్షణ ఇవ్వాలని రాసుకుంది. అయినా ఉత్తరాన కొండల్లోని పాత స్పానిష్ ముసలివాళ్లతోనే వెళ్లిపోతోంది. కాగితం మీద హక్కు ఉంటే చాలదని దీన్నిబట్టే అర్థమవుతోంది.

మనకీ కాగితం ఉంది. రాజ్యాంగంలోని 350ఏ అధికరణ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి వీలు కల్పించాలంటుంది. అడగడం మానొద్దు. ఈలోగా మీ వీధిలో నలుగురు పిల్లలు పోగయితే ఆదివారం ఒక గంట చాలు, గుణింతాలు మూడు నెలల్లో పట్టుబడతాయి. నా దగ్గర పాత ఒకటో తరగతి, రెండో తరగతి వాచకాలు కట్టలున్నాయి. ఎంతమంది పిల్లలో పత్రిక చిరునామాకి రాయండి, రాయగడ వచ్చే బస్సులో పంపిస్తాను.