టైరు ఊడి కారు పల్టీ కొడితే: ముందు ఆ టైరును దక్కించుకోండి

“మేం హెచ్1బీ మీద ఉన్నాం. టైరు కంపెనీ మీద కేసు వేస్తే వీసాకి ఏమైనా అవుతుందా?” అమెరికాలో కొత్తగా స్థిరపడుతున్న మనవాళ్లు ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు ముందుగా అడిగేది ఇదే. ఏమీ కాదు. వీసా మీద ఉన్నవారికైనా, చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలకైనా గాయాలకు పరిహారం కోరే హక్కు ఉంటుంది. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది. ఆ టైరు ఇప్పుడు ఎక్కడుంది?

మీరింకా ఆసుపత్రిలో ఉండగానే ఇన్సూరెన్స్ వాళ్లు బండిని “టోటల్ లాస్” (బాగుచేయించడం దండగ) అంటారు. టోయింగ్ యార్డు నుంచి అది వేలానికి పోతుంది, అక్కణ్ణుంచి తుక్కులోకి. టైరు పోయాక ఎంత మంచి లాయరైనా చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు ఆ రోజే ఇన్సూరెన్స్ అడ్జస్టర్‌కీ (క్లెయిము చూసే ఉద్యోగికీ), యార్డుకీ ఈమెయిల్ పెట్టాలి: “ఈ వాహనం, నాలుగు టైర్లు, స్పేరు టైరు, ఊడిన ట్రెడ్ (రోడ్డుకు ఆనే పై పొర) ముక్కలు సాక్ష్యం. అమ్మకండి, విప్పకండి, కడగకండి.” ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. బండి ఎక్కడ భద్రపరుస్తారో తేలేదాకా టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టవద్దు. తుక్కు విలువ తగ్గించుకుని మిగతా డబ్బిచ్చి, బండిని మీకే వదిలేయమని ఇన్సూరెన్స్ వాళ్లను అడగవచ్చు. యార్డు అద్దె రోజు లెక్కన పెరుగుతుంది కాబట్టి త్వరగా వేరేచోటికి తరలించాలి. చెడిన టైరును రిమ్ము నుంచి తీయకూడదు. ట్రెడ్ ముక్కలు ప్రమాద స్థలానికి చాలా వెనకే పడి ఉండవచ్చు. హైవే మీదకి మీరు దిగకండి, పోలీసులను అడగండి.

టైరు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, జవాబు దానిలోనే ఉంటుంది. మనం “పేలింది” అంటాం కానీ, చాలాసార్లు జరిగేది పేలడం కాదు. లోపలున్న రెండు ఉక్కు బెల్టుల మధ్య రబ్బరు పట్టు వదిలి, పై బెల్టు ట్రెడ్‌తో సహా ఊడొస్తుంది. ఫ్యాక్టరీలో బెల్టుల మధ్య తేమో మురికో చేరినా, రబ్బరు సరిగా అతకకపోయినా, వయసుతో గట్టిపడినా, బెల్టు అంచున పగులు మొదలై వేడికి పాకుతుంది. కంపెనీ తరఫు వాదన దాదాపు ఎప్పుడూ ఒకటే: గాలి తక్కువ ఉంచారు, బరువు ఎక్కువ వేశారు, పంక్చరు సరిగా వేయించలేదు. గాలి తక్కువతో చాలాకాలం నడిపితే రిమ్ము ఆనే చోట ఒరుసుకున్న గాడి పడుతుంది. అది ఉందో లేదో నిపుణుడు టైరు చూసే చెప్పాలి. మిగతా మూడు టైర్లు కూడా ఆ బండిని ఎలా వాడారో చెబుతాయి. అందుకే పోలీసులకి గానీ ఇన్సూరెన్స్‌కి గానీ “పేలిపోయింది” అని తేల్చేయకండి. దడదడ అదిరిందా, చప్పుడు ఎన్ని సెకన్లు వచ్చింది, బండి ఎటు లాగింది అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి.

బాధ్యత టైరు కంపెనీతోనే ఆగదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచినప్పుడు, వాటిలో ఎక్కువ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవే. ఫోర్డ్ సూచించిన గాలి ఒత్తిడి 26 పీఎస్‌ఐ, ఫైర్‌స్టోన్ తర్వాత 30 ఉండాలంది. తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాదించుకున్నారు. కాబట్టి ట్రెడ్ ఊడినంత మాత్రాన బండి ఎందుకు పల్టీ కొట్టిందన్నది వేరే ప్రశ్న, పైకప్పు తల మీదకి ఎందుకు కుంగిందన్నది ఇంకో ప్రశ్న. 6,000 పౌండ్ల లోపు వాహనాల పైకప్పు బండి బరువుకి 3 రెట్లు తట్టుకోవాలన్న నిబంధన 2009లో వచ్చింది, అంతకుముందు ఒకటిన్నర రెట్లు చాలు. పాత ఎస్‌యూవీ కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ కూడా 2012 మోడల్ నుంచే తప్పనిసరి అయింది.

పాత టైరును కొత్తదిగా అంటగట్టిన షాపు మీద కూడా దావా నడవవచ్చు. రసీదులు దాచుకోండి. టైరు పక్కన డీఓటీ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి: 2318 అంటే 2018లో 23వ వారం. పూర్తి కోడ్ ఒకవైపే ఉండవచ్చు, రెండో వైపూ చూడాలి. చాలా వాహన కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. బండి కింద వేలాడే స్పేరు టైరు ట్రెడ్ కొత్తగా కనిపించినా, దాని వయసు కూడా లెక్కే. వాహనం విన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్యతో) రీకాల్, అంటే కంపెనీ వెనక్కి పిలిచిందా అని వెతికితే తర్వాత వేయించిన టైర్ల సంగతి తెలియదు, వాటిని టైరు కోడ్‌తోనే చూడాలి.

గడువులు కఠినం. గాయాల దావాకి టెనెసీలో ఏడాదే. టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియాల్లో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు. వీటికి తోడు వస్తువు మొదట అమ్మిన రోజు నుంచి లెక్కించే గడువు ఇంకొకటి: సాధారణంగా జార్జియాలో 10 ఏళ్లు, టెక్సస్‌లో 15. సెకండ్‌హ్యాండ్ బండైతే ఈ రెండోదే ముందు ముగిసిపోవచ్చు.

లాయర్లు సాధారణంగా గెలిస్తేనే ఫీజు తీసుకుంటారు, మూడో వంతు నుంచి 40 శాతం దాకా. నిపుణుల ఖర్చు వేరే. ఆ ఖర్చును శాతం లెక్కించకముందు తీస్తారా, తర్వాతా? ఓడితే ఎవరు భరిస్తారు? ఈ రెండూ రాతలో తీసుకోండి. మీ హెల్త్ ఇన్సూరెన్స్ కూడా తాను కట్టిన డబ్బు ఆ పరిహారంలోంచి వెనక్కి అడగవచ్చు. గాయపడిన అమ్మానాన్నలు తిరుగు ప్రయాణమయ్యేలోపు ఇక్కడి ఎక్స్‌రేలు, స్కాన్ల కాపీలు తీసుకోండి. హైదరాబాదులోనో విజయవాడలోనో వైద్యం కొనసాగితే ఆ బిల్లులూ, డిశ్చార్జి సమ్మరీలూ లాయరుకి పంపుతూ ఉండండి.