చార్మినార్ రూపాయిని మళ్లీ గ్రేడింగ్‌కి పంపాలా?

మీరు అడిగింది ఇదీ: చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి చార్మినార్ రూపాయి ఒకటి పాత స్లాబ్‌లో, అంటే గ్రేడింగ్ కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో, ఎమ్‌ఎస్ 62 (మింట్ స్టేట్, వాడని నాణెం, 70కి 62) అని ఉంది. ఇప్పుడు ప్లస్ గ్రేడులు, స్టిక్కర్లు వచ్చాయి కాబట్టి స్లాబ్ పగలగొట్టి మళ్లీ పంపితే లాభమా, అసలు ఈ మార్పుల గురించి సేకరించేవాళ్లు ఏమనుకుంటున్నారు అని.

నేనైతే పంపను. ఎందుకో చెప్తాను.

మాది ధర్మాబాద్, నాందేడ్ జిల్లా చివర, రైలెక్కితే బాసర పక్కనే. మా మేనమామది వెండి దుకాణం. నిజాం రూపాయిని హాలీ అనీ, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనీ ఇప్పటికీ అనే ముసలివాళ్లు మా వైపు ఉన్నారు. ఈ రెండూ దుకాణానికి తూకానికి వచ్చేవి. హాలీ 11.178 గ్రాములు, వెండి నూటికి 81.8. కల్దార్ 11.66 గ్రాములు, వెండి 91.7. కరిగించే ముందు వాటిని పక్కకు తీసి చూడటంతోనే నాకీ పిచ్చి పట్టింది.

1 నుంచి 70 దాకా గ్రేడు ఇచ్చే ఈ కొలత మన నాణేల కోసం పుట్టింది కాదు. 1949లో షెల్డన్ అనే అమెరికన్ వాళ్ల పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు. 1 గ్రేడు నాణెం ధరకు 70 గ్రేడుది డెబ్బై రెట్లు అని, అంటే మొదట్నుంచీ అది ధర లెక్కే. 1977లో అమెరికా నాణేల సంఘం పుస్తకం వేసినప్పుడు, వాడని నాణేలకు 60, 65, 70 అని మూడే మెట్లు. ఆ తర్వాత 60 నుంచి 70 దాకా పదకొండూ వాడుకలోకి వచ్చాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు వచ్చి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేయడం మొదలుపెట్టాయి. 2010లో ప్లస్ వచ్చింది, ఒక గ్రేడులోనే మేలైనవాటికి వేసే గుర్తు. మీరన్న స్టిక్కరు, అంటే స్లాబ్ మీది గ్రేడు సరైనదేనని సీఏసీ అనే ఇంకో కంపెనీ అంటించేది, 2007లో మొదలైంది, అది అమెరికా నాణేలకు వేసేది, మన రూపాయికి దాంతో పనిలేదు.

మెట్లు పెరిగేకొద్దీ బాగుపడింది ఎవరు? ఎక్కువగా అమ్మేవాళ్లే. 62కీ 63కీ మధ్య తేడా ఒక్కరోజు ఒకలా, మరోరోజు ఇంకోలా కనిపిస్తుంది. అందుకే డబ్బా పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవాళ్లు తయారయ్యారు. పెరిగితే లాభం, తగ్గితే ఇంకోసారి. అమెరికాలో అయితే పాత డబ్బాలో ఉన్న నాణేనికే కొందరు ఎక్కువ పెడతారు, అప్పట్లో గట్టిగా చూసేవాళ్లని నమ్మకం. నాందేడ్‌లో ఉన్న మిత్రుడు ఒకాయన ఈ మాట ఒప్పుకోడు. ఫోన్లో ఫొటో చూసి కొనేవాడికి ప్లస్ ఉంటే ధైర్యం, వాడికి నాణెం చేతిలో లేదు కదా అంటాడు. అదీ నిజమే, కాకపోతే ఆ ధైర్యానికి ఫీజు, కొరియరు ఎవరు భరిస్తారు?

నన్నడిగితే వచ్చిన మార్పుల్లో మేలైనది అంకె కాదు, ‘డెటెయిల్స్’ లేబుల్. కడిగిన నాణేన్ని కడిగిందనీ, దండలో కట్టుకోవడానికి అతికిన కొండి తీసేసిన నాణేన్ని అలాగనీ పైనే రాస్తారు. మా ప్రాంతానికి ఇదే కావాలి. కిన్వట్ వైపు తండాల నుంచి వచ్చే రూపాయల్లో చాలావరకు మెడలో దండగా ఉన్నవే. కొండి ఊడదీసి అంచు ఆకురాయితో రాస్తారు. చార్మినార్ వైపు చూస్తే కొత్తదానిలా ఉంటుంది, అంచును వెలుతురుకు పెట్టి తిప్పితే ఒకచోట గీట్లు పోయి నున్నగా, టంకం మరక పసుపుగా కనబడుతుంది. అలాంటిదాన్ని ఎమ్‌ఎస్ అని ఎవడైనా అంటే నవ్వాలి. ఇక కుంకుడురసం, చింతపండు పెట్టి తోమిన నాణెం తళతళలాడుతుంది గానీ, టక్సాలలో అచ్చు పడ్డప్పటి మెరుపు అది కాదు. అసలు మెరుపైతే నాణేన్ని వంచి తిప్పుతుంటే వెలుగు చక్రంలా తిరుగుతుంది. తోమినది ఎటు తిప్పినా ఒకటే తెలుపు, దగ్గరగా చూస్తే సన్నని గీతలు.

ఇంకొకటి, గ్రేడుకన్నా రకం ముందు చూడండి. చార్మినార్ నడి కమాను కింద ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ముందరి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌దైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్. హిజ్రీ 1330 నాటి వాటిలో ఐన్ పొట్టిగా ఉన్నవీ, పూర్తిగా ఉన్నవీ రెండూ దొరుకుతాయి. సేకరించేవాడు ఆ అక్షరం చూసి డబ్బులు పెడతాడు, 62 ప్లస్ చూసి కాదు.

పంపేముందు చట్టం కూడా చూసుకోవాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువే, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. మీదాని మీద హిజ్రీ 1330 ఉంటే అది 1911 డిసెంబరు తర్వాతి ఏడాది కాలం, నూరేళ్లు ఎప్పుడో దాటాయి. విదేశానికి పంపిస్తామనే ఏజెంటు ఈ సంగతి చెప్పడు, చెప్తే ఫీజు పోతుంది.

స్లాబ్‌ని అలాగే ఉంచి, కమాను దగ్గరగా ఒకటి, ఏడాది అంకె కనబడేలా ఒకటి, అంచు ఎంతవరకు కనబడితే అంతవరకు ఇంకొకటి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఐన్ ఏ రకమో చూసి చెప్తాను.