టెక్ సందేహాలు: స్పీడోమీటర్ ముల్లు పడిపోతోంది, గేరు మొరాయిస్తోంది

ప్రశ్న: మాది 2003 నాటి ఆటోమేటిక్ గేరు కారు. నడుస్తుండగా స్పీడోమీటర్ ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడిపోతోంది. అదే సమయంలో గేర్లు కుదుపుతో మారుతున్నాయి, ఒక్కోసారి మూడో గేరులోనే ఉండిపోతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. గేర్‌బాక్స్ దించాలని మెకానిక్ అంటున్నారు. ఫోన్‌కి కలిపే ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం) ఉంది. దాంతో ఏమైనా తేలుతుందా?

జవాబు: చాలావరకు తేలుతుంది. అప్పటిదాకా గేర్‌బాక్స్ జోలికి వెళ్లనివ్వకండి. లోపలి క్లచ్ ప్లేట్లు అరిగితే గేరు జారుతుంది గానీ, స్పీడోమీటర్ ముల్లు పడిపోదు. రెండూ ఒకేసారి జరుగుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది వెహికల్ స్పీడ్ సెన్సర్‌ని, దాని వైర్లని. కారు ఎంత వేగంతో పోతోందో తెలియకపోతే గేరు ఎప్పుడు మార్చాలో కంప్యూటర్‌కి తెలియదు. అందుకే గేర్‌బాక్స్‌కి దెబ్బ తగలకుండా ఏదో ఒక గేరులో బిగించేసి ఊరుకుంటుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు.

ముందు అడాప్టర్‌తో కారు కంప్యూటర్ దాచిన లోపాల కోడ్‌లు చదవండి. పీ0500 వస్తే వెహికల్ స్పీడ్ సెన్సర్ సిగ్నల్‌లో లోపం. పీ0720 అయితే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. పీ0700 ఒక్కటే కనిపిస్తే కంగారు పడొద్దు. ‘గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఇంకో కోడ్ ఉంది, దాన్ని అడుగు’ అని మాత్రమే దానర్థం. ఆ రెండో కోడ్‌ని చాలా ఉచిత యాప్‌లు చదవలేవు, గేర్‌బాక్స్ మాడ్యూల్‌ని కూడా చదివే స్కానర్ కావాలి. కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి చూడండి. లోపం దొరికిన క్షణంలోని అంకెలు అందులో నిలిచిపోతాయి. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 2500, ఇంజిన్ లోడ్ బాగా ఎక్కువ, వేగం మాత్రం 0 అని ఉంటే, కారు పరుగెడుతుండగానే సిగ్నల్ తెగిపోయిందన్నమాట.

తర్వాత యాప్‌లోని లైవ్ డేటాలో వేగం, ఆర్‌పీఎం రెండూ పెట్టుకుని ఓ చక్కర్ కొట్టండి. ఫోన్ పక్క సీట్లో వాళ్ల చేతిలో ఉండాలి, మీరు రోడ్డు మీదే చూపు పెట్టండి. ముల్లు పడిపోయినా యాప్‌లో వేగం సరిగ్గానే ఉంటే తప్పు మీటర్ బోర్డుది: లోపలి మోటారో, వదులైన సోల్డరింగో. రెండింట్లోనూ సున్నా అయితే సెన్సర్ వైపు వెళ్లాలి. రెండూ సరిగ్గా ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ఎగిరిపోతూ వేగం పెరగకపోతే, అప్పుడు మెకానిక్ మాట నిజమే, గేర్‌బాక్స్ లోపల జారుతోంది. ఒక మెలిక ఉంది. కొన్ని పాత కార్లలో సెన్సర్ సిగ్నల్ ముందు మీటర్ బోర్డుకి వెళ్లి, అక్కడి నుంచి కంప్యూటర్‌కి చేరుతుంది. అలాంటి వాటిలో మీటర్ బోర్డు పాడైనా రెండూ పోతాయి. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ చూడకుండా సెన్సర్ కొనొద్దు. ఇంకొన్నింట్లో వేగం ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) చక్రాల సెన్సర్ల నుంచి వస్తుంది, వాటిలో ఏబీఎస్ లైటు కూడా వెలుగుతుంది.

ఇక సెన్సర్ పరీక్ష. మొదట ఫ్యూజు చూడండి, తర్వాత కనెక్టర్ ఊడదీయండి. పిన్నులకి ఆకుపచ్చ తుప్పు గానీ, గేర్ ఆయిల్ గానీ అంటుకుని ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరాక బిగించండి. ఒక్కోసారి ఇక్కడితోనే నయమైపోతుంది. కనెక్టర్‌కి రెండు వైర్లే ఉంటే అది చాలావరకు అయస్కాంతపు సెన్సర్: మల్టీమీటర్‌తో సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్స్ (విద్యుత్ నిరోధం) కొలవండి. సాధారణంగా కొన్ని వందల నుంచి రెండు మూడు వేల ఓమ్స్ వస్తుంది. మల్టీమీటర్ అసలు కదలకపోతే సెన్సర్ లోపలి తీగ చుట్ట తెగింది. మూడు వైర్లుంటే దాదాపుగా హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ రకం), దానికి ఓమ్స్ పరీక్ష పనికిరాదు. ఇగ్నిషన్ ఆన్ చేసి 5 లేదా 12 వోల్టుల సరఫరా, గ్రౌండ్ ఉన్నాయో లేదో చూడండి. తర్వాత కనెక్టర్ బిగించి, వెనక నుంచి సన్న పిన్ను సిగ్నల్ వైరుకి తగిలేలా దూర్చి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతోందా చూడండి.

చక్రం తిప్పడంలోనే చాలామంది తప్పుదోవ పడతారు. ఇంజిన్ శక్తి అందే చక్రాల్లో ఒక్కదాన్నే పైకి లేపాలి. రెండూ గాల్లో ఉంటే ఒకటి తిప్పగానే రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది, డిఫరెన్షియల్ గేరు (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచేది) కదలదు, సిగ్నల్ రాదు, మంచి సెన్సర్‌ని చెత్తబుట్టలో పడేస్తారు. గేరు న్యూట్రల్‌లో పెట్టండి, నేల మీది చక్రాలకి రెండు వైపులా అడ్డు వేయండి, కారుని స్టాండ్ మీద నిలపండి, ఒట్టి జాకీ మీద కాదు.

సెన్సర్ ఊడదీసినప్పుడు కొసన ప్లాస్టిక్ పళ్ల చక్రం ఉందేమో చూడండి. కొన్ని పళ్లు అరిగితే ముల్లు వణుకుతుంది, అన్నీ పోతే పడిపోతుంది. సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ కొత్తది వేయండి, లేకపోతే అక్కణ్నుంచే ఆయిల్ కారుతుంది. పని అయ్యాక కోడ్‌లు చెరిపేసి మళ్లీ నడిపి చూడండి.

ప్రశ్న: టైర్లు 175/70 ఆర్13 నుంచి 185/70 ఆర్14కి మార్చాం. ఇప్పుడు మీటర్ కంటే జీపీఎస్ ఎక్కువ చూపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: జీపీఎస్‌నే, తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో కాసేపు నడిపాక వచ్చే అంకెని. పాత టైరు వ్యాసం సుమారు 575 మిల్లీమీటర్లు, కొత్తది 615. అంటే దాదాపు 7 శాతం పెద్దది. గతంలో మీటర్ సరిగ్గా చూపి ఉంటే, ఇప్పుడు అది 80 చూపేటప్పుడు మీరు 85 దాటి పోతున్నట్టే. మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని ఐక్యరాజ్యసమితి 39వ నంబరు వాహన నిబంధన చెబుతుంది. ఎక్కువ చూపడానికైతే 10 శాతానికి తోడు గంటకు 4 కిలోమీటర్ల వరకు వెసులుబాటు ఉంది. కాబట్టి పాత సైజుకి దగ్గరి వ్యాసం ఉన్న టైర్లే మేలు.

ప్రశ్న: ఈఎల్‌ఎం327 రకం ఓబీడీ అడాప్టర్ ఆండ్రాయిడ్‌తో పనిచేస్తోంది, ఐఫోన్‌తో కలవడం లేదు. ఎందుకు?

జవాబు: మీది పాత తరహా బ్లూటూత్ అడాప్టర్ అయ్యుంటుంది. ఐఫోన్‌కి సాధారణంగా ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ (తక్కువ కరెంటు వాడే కొత్త తరహా బ్లూటూత్) రకమో, వై-ఫై రకమో కావాలి. ‘లో ఎనర్జీ’ రకాన్ని ఫోన్ సెట్టింగ్స్‌లో జత చేయొద్దు, నేరుగా యాప్ నుంచే కలపండి. కారు రోజుల తరబడి ఆగి ఉండేటట్టయితే అడాప్టర్ పీకేయండి. ఓబీడీ సాకెట్ 16వ పిన్నుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వస్తూనే ఉంటుంది.