ఊరి అరుగు మీద బీరువాకి ఐదు వేలతో ఏ పుస్తకాలు కొనాలి?

టెక్కలి దగ్గర మీ ఊళ్లో అరుగు మీద చిన్న పుస్తకాల బీరువా పెడతానన్నారు, చేతిలో ఐదు వేలున్నాయన్నారు. కథలూ నవలలూ పక్కన పెట్టి పెద్దలకీ పిల్లలకీ ఏం కొనాలని అడిగారు.

మాది కవిటి వైపు, ఉద్దానం. నేనూ ఇలాగే 2016లో మొదలెట్టాను. ముందు నా తెలివితక్కువతనం చెప్తాను. సగం డబ్బు పోసి, నున్నటి కాగితం మీద రంగుల బొమ్మలున్న లావుపాటి విజ్ఞాన సర్వస్వాలు రెండు కొన్నాను. మాసిపోతాయని పిల్లగుంటల చేతికి ఇచ్చేవాణ్ణి కాదు. 2018 అక్టోబరు 11న తెల్లారగట్ల తిత్లీ తుపానుకి పెంకులు లేచిపోయి బీరువా తడిసి ముద్దయింది. నున్న కాగితం తడిస్తే పేజీకి పేజీ అంటుకుపోతుంది. ఆరాక విప్పబోతే బొమ్మ ఒక పేజీకి, అక్షరాలు ఇంకో పేజీకి వచ్చాయి. ఆ రెండూ ఇటుకలైపోయాయి. చవక కాగితం పుస్తకాలు మాత్రం, పడిపోయిన కొబ్బరి మానుల మీద ఎండబెడితే ఉబ్బిపోయినా చదువుకోడానికి పనికొచ్చాయి. అందుకని కాగితం చూసి మోసపోకండి.

కరెంటు లేని ఆ రాత్రుల్లో చేతులు మారిన పుస్తకం, నండూరి రామమోహనరావు గారు విశ్వం గురించి రాసిన ‘విశ్వరూపం’. చెట్లు పడిపోయాయి, ఊరంతా చీకటి, ఆకాశం ఎన్నడూ లేనంత దగ్గరగా కనబడేది. మా పక్కింటి ఇంటరు కుర్రాడు లాంతరు దగ్గర నాలుగు పేజీలు చదవడం, వీధిలోకొచ్చి తలెత్తి చూడ్డం. ఓ రాత్రి వాళ్ల తాతతో, ‘ఆ చుక్క ఎలుగు బయల్దేరినప్పటికి నువ్వు పుట్నేదు తాతా’ అన్నాడు. ముసలాయన నమ్మలేదు గానీ తెల్లారి వచ్చి, నాకూ చదివి చెప్పమన్నాడు. అది నచ్చినవాళ్లకి మనిషి పుట్టుక మీద ఆయనే రాసిన ‘నరావతారం’ ఇవ్వండి.

ఆడవాళ్లు అడిగి మరీ పట్టుకెళ్లేది డేవిడ్ వెర్నర్ ‘వైద్యుడు లేని చోట’. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు తెలుగులో వేశారు. మా వైపు ఎంతోమందిని పట్టుకున్న కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే. మా వీధి పిన్ని ఒకావిడ, ‘బాబూ, మా ఆయనకి ఆ రోగం ఎందుకొచ్చిందో ఇందులో ఉంటాదేటి?’ అంది. ఉండదు పిన్నీ, డాక్టర్లకే ఇంకా పూర్తిగా తేలలేదు అన్నాను. కాసేపు అట్ట నిమురుతూ నిలబడింది. అయినా తీసుకెళ్లింది. మనవడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు లీటరు నీళ్లకి అర టీచెంచా ఉప్పు, ఎనిమిది టీచెంచాల పంచదార అన్న కొలత అందులోంచే చూసుకుందట. మందుల పేజీలు చూసి సొంత వైద్యం చెయ్యొద్దని నేనే కాగితం మీద రాసి అట్ట లోపల అంటించాను. మీరూ అంటించండి.

హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారి ఆత్మకథ ‘నా యెఱుక’ నా కోసం కొనుక్కున్నాను, ఆరుగురి కంటే ఎక్కువ చదవలేదు. కానీ అట్ట మీది బండి ఱ చూసి ఓ ఐదో తరగతి పిల్ల ‘ఇది తెలుగేనేటి?’ అని అడిగినందుకే డబ్బు గిట్టుబాటయిందనుకున్నాను.

పిల్లలకైతే సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్లు వేసే పల్చటి బొమ్మల పుస్తకాలు ఎక్కువగా తీసుకోండి. చిరిగితే చిరుగుతాయి, బాధ పడొద్దు. కాస్త పెద్ద పిల్లలకి కురొయానగి టెట్సుకో ‘రైలుబడి’. బళ్లోంచి తీసేసిన చిన్నపిల్ల, పాత రైలు పెట్టెల్లో తరగతులు జరిగే టోక్యో బడిలో చేరిన సంగతులు. అన్నీ ఆవిడకి నిజంగా జరిగినవే. సోంపేట స్టేషన్లో రైళ్లు చూసిన మా గుంటలు, ‘ఆ రైలు ఎక్కడికీ ఎల్లదా? మరి టిక్కెట్టు?’ అని నన్ను వాయించేశారు. 1945లో బాంబులకి ఆ బడి తగలబడిపోయిన చోట మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

జీడిపిక్కల పనుల కాలంలో ఎవరూ రారు, కంగారు పడకండి. మహానుభావుల జీవిత చరిత్రలు మరీ ఎక్కువ కొనకండి, బహుమతి పుస్తకాల్లా అలా నిలబడే ఉంటాయి. ‘రైలుబడి’ మాత్రం రెండు కొనండి. మా మొదటి కాపీని ఓ అమ్మాయి పెళ్లయి బరంపురం వెళ్తూ పెట్టెలో పెట్టుకుపోయింది. నేను అడగలేదు.