సైటులో ఫోనుకు చెప్పి రాయించేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కోకాపేట టవరు పనిలో రోజువారీ ప్రోగ్రెస్ రిపోర్టును ఇకపై ఫోనులో మాట్లాడి పంపాలని మీ ప్రాజెక్టు మేనేజరు చెప్పారనీ, తెలుగు, ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడితే యాప్ ఏం రాస్తుందోనని నీకు అనుమానంగా ఉందనీ రాశావు. పద్ధతి మంచిదే. సాయంత్రం షెడ్డులో కూర్చుని ఉదయం చూసినదంతా గుర్తు తెచ్చుకుని రాసే రిపోర్టు కంటే, బీము పక్కన నిలబడి అప్పటికప్పుడు చెప్పిన నాలుగు మాటల్లో నిజం ఎక్కువగా ఉంటుంది. అయితే యంత్రం ఎక్కడ పొరబడుతుందో ముందే తెలుసుకుని వాడాలి.

అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం అంకెలతో వస్తుంది. ఈ యాప్‌లు శబ్దం ఒక్కదాన్నే నమ్ముకోవు, పక్కనున్న మాటలను బట్టి ఏ మాట వచ్చే అవకాశం ఉందో కూడా అంచనా వేస్తాయి. అందుకే ‘సెంట్రింగ్ విప్పారు’ అన్నప్పుడు ఒక అక్షరం సరిగా వినబడకపోయినా చాలాసార్లు సర్దుకోగలవు. కమ్మీల మధ్య దూరం 115 అయినా 150 అయినా వాక్యం మాత్రం ఒకటే కనుక అక్కడ వాటికి ఏ ఆధారమూ దొరకదు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఎంత దగ్గరో, మనకు ఇరవై, అరవై అంత దగ్గర. కాంక్రీటును కుదించే నీడిల్ వైబ్రేటర్ మోతలో ఆ కాస్త తేడా కూడా నిలవదు. పదహారు (సిక్స్‌టీన్) ఎంఎం కమ్మీని యాప్ అరవై (సిక్స్‌టీ) అని రాస్తే భయం లేదు, అరవై ఎంఎం కమ్మీ మన సైట్లలో ఉండదు కనుక ఎవరైనా పట్టుకుంటారు. పన్నెండు (ట్వెల్వ్) ఉండాల్సిన చోట ఇరవై (ట్వెంటీ) పడినా, ఎం 35 (బలాన్ని తెలిపే గ్రేడు) కాంక్రీటు ఎం 25గా మారినా, రెండూ రోజూ వాడేవే కాబట్టి ఆ తప్పు ఎవరి కంటా పడకుండా రిపోర్టులోకి వెళ్లిపోతుంది.

కాబట్టి అంకెలను విడివిడిగా, కొలమానంతో కలిపి చెప్పు: ‘స్పేసింగ్ వన్ ఫైవ్ జీరో మిల్లీమీటర్లు’. నక్షాలో పిల్లర్ల వరుసలకు పెట్టే గ్రిడ్ అక్షరాల విషయమూ ఇంతే. బి, డి, పి, టి మోతలో ఒక్కలాగే వినిపిస్తాయి కనుక ‘బి ఫర్ బొంబాయి, డి ఫర్ ఢిల్లీ’ అని చెప్పడానికి మొహమాటపడకు. ప్రతిసారీ ఒకే వరుస పాటించు: ముందు అంతస్తు, తరువాత గ్రిడ్, ఆ తరువాత బీమో పిల్లరో, చివరికి నువ్వు చూసిన విషయం. చెప్పడం పూర్తికాగానే, అక్కడి నుంచి కదలకముందే తెర మీద అంకెలను చదివి, ఎదురుగా ఉన్న స్టీలుతో పోల్చుకో. స్లాబు పోశాక రింగులు లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.

పోర్ కార్డునూ (కాంక్రీటు పోసే ముందు సంతకాలు పెట్టే తనిఖీ కాగితం), క్యూబుల రిజిస్టరునూ (కాంక్రీటు బలం పరీక్షకు పోసే నమూనా దిమ్మల లెక్క) మాత్రం యాప్‌కు అప్పగించవద్దు. 150 ఎంఎం క్యూబు మీద రాసిన తేదీ, గ్రేడు ఒకటై, రిజిస్టరులో పడినది మరొకటైతే, ఆ తేడా 28 రోజుల పరీక్షనాడు బయటపడుతుంది. అప్పటికి ఆ స్లాబు మీద ఇంకో అంతస్తు లేచి ఉంటుంది. సంతకం పెట్టే కాగితాన్ని చేత్తోనే నింపు.

మోత సంగతికి వస్తే, శబ్దం పుట్టే చోటి నుంచి దూరం రెట్టింపైతే దాని తీవ్రత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకోవడం, గ్రైండర్‌కు దూరంగా జరగడం, రెండూ నీకు కలిసివస్తాయి. పరంజా మీద నడుస్తూనో, క్రేన్ కింద నిలబడో మాట్లాడవద్దు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే అసలే వద్దు. బేస్‌మెంటులో సిగ్నల్ ఉండదు కనుక అక్కడ మామూలు రికార్డరులో చెప్పుకుని, పైకి వచ్చాక రాయించుకో. ఆ ఆడియోను బిల్లు తేలేదాకా చెరిపేయకు. మాట ముగియగానే రికార్డింగ్ ఆపేయడం కూడా అవసరమే. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్ లాంటివి నిశ్శబ్దంలో ఎవరూ అనని వాక్యాలను సొంతంగా రాసిన సందర్భాలున్నాయి.

భాష విషయంలో అంత బెంగ అక్కరలేదు. గూగుల్ కీబోర్డులో తెలుగు మాటలను రాసే సదుపాయం 2017 నుంచి ఉంది, మామూలు వాక్యాలను బాగానే రాస్తుంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీల చేతికి ఫోను ఇచ్చి చెప్పించకు, వాళ్లు చెప్పినదాన్ని నీ గొంతుతో తిరిగి చెప్పు. ఎవరి మాటైనా రికార్డు చేసే ముందు ఆ సంగతి వాళ్లకు తెలియజేయి. తెలియకుండా రికార్డు చేశావని తెలిస్తే మేస్త్రీ మరోసారి నీకు ఏ లోపాన్నీ చూపించడు. సైటు ఇంజనీరుకు అంతకుమించిన నష్టం లేదని నా అభిప్రాయం.

మొదటి నెల వాన వల్ల పని ఆగిన వేళలు, సెంట్రింగ్‌లో కనిపించిన లోపాలు, ఫోటోల కింద వివరణలు, ఇవి మాత్రమే చెప్పి రాయించు. కూలీల హాజరు, సిమెంటు బస్తాల లెక్క బిల్లులకు ముడిపడి ఉంటాయి కనుక వాటిని రిజిస్టరులోనే ఉండనీ, మేనేజరు గారు ఎంత తొందరపెట్టినా సరే.

కొన్ని యాప్‌లలో మన వాడుక మాటల పట్టికను ముందే పెట్టుకునే వీలుంటుంది. మీ దానిలో ఉందో లేదో కనుక్కుని రాయి. ఉంటే కమ్మీ, రింగు, మట్టం, కవర్ బ్లాకు మొదలుకొని మేస్త్రీలు వాడే మాటలన్నీ నేను రాసి పంపిస్తాను.

ఇట్లు,
నీ మామయ్య